నాలుగో గుండీ

బ్రాంటన్, జార్జియా
ఫిబ్రవరి 19, 1991

పెద్దమ్మా,

నువ్వు క్షేమంగా చేరావని జానిస్ ఫోన్ చేసి చెప్పింది. నీతో మాట్లాడదామంటే నీ ఎడమ చెవి వినపడదు, కుడి చెవికి ఫోన్ పెట్టుకోవు, ప్రతి మాటకీ "ఆఁ?" అంటావు. దూరపు కాల్ అంతా ఆ "ఆఁ"లకే సరిపోతుంది. అందుకే ఉత్తరం. కోపంలో రాస్తున్నాను, కాగితం అక్కడక్కడా చిరిగితే పెన్ను తప్పు కాదు.

ఆగస్టులో ఫోర్ట్ మెర్విన్ సైన్యం మొత్తం ఎడారికి వెళ్లిపోయాక ఈ ఊరు ఎలా ఉందో నీకు తెలుసు. ఇప్పుడు ఇంకా ఘోరం. గేటు రోడ్డు మీద కుక్క అడ్డంగా పడుకున్నా లేపే బండి లేదు. మంగలి ఓరిస్ పొద్దున్నుంచీ తన కుర్చీలో తనే కూర్చుని అద్దంలో తన బట్టతలతో కబుర్లాడుతున్నాడు. కానీ రిబ్బన్లు చూడాలి! సైనికులు క్షేమంగా తిరిగి రావాలని పసుపు రిబ్బన్ కట్టని స్తంభం లేదు. "సైనికులకు ప్రవేశం లేదు, అల్లరి చేస్తారు" అని పోయినేడాది బోర్డు పెట్టిన బౌలింగ్ హాలు గుర్తుందా? వాళ్ల రిబ్బనే ఊళ్లో అన్నింటికన్నా పెద్దది. నిన్న దాని ముందు నిలబడి గట్టిగా నవ్వాను. లోపలినుంచి ఒకావిడ వచ్చి, "ఏమ్మా, దేశమంటే ప్రేమ లేదా నీకు?" అంది. "కత్తెర ఉందండీ, కావాలా?" అన్నాను. తలుపేసుకుంది.

పక్క తాకట్టు కొట్టు డాబ్నీ రోజూ వస్తున్నాడు. మన నడిమి గోడ మీద వేళ్లతో కొట్టి చెవి పెట్టి వింటాడు, పుచ్చకాయ కొనేవాడిలా. "మీ పెద్దమ్మ తిరిగొస్తుందంటావా నొరీన్? మనవలు పుట్టాక ఆడవాళ్లు కదల్రు" అంటాడు. ఆ గోడ కొట్టేసి మన కుట్టుకొట్టు తన కొట్టులో కలిపేసుకోవాలని వాడి ఆశ. పిన్నుల డబ్బా వాడి నెత్తిన బోర్లిద్దామనుకున్నాను. నీ మొహం చూసి ఊరుకున్నాను. అంటే గోడ మీద ఫొటోలో నీ మొహం.

ఇక అసలు కోపం నీ మీద.

వెనక గదిలో ఆగస్టు రాడ్డు ఉంది కదా, సైనికులు హడావుడిగా కొలతలిచ్చి, తీసుకోకుండానే విమానమెక్కేసిన పచ్చ కోట్లు. పరేడ్‌కి తప్ప తొడగని ఆ మంచి కోట్లకి దుమ్ము పట్టిందని దులపడానికి తీశాను. నలభై ఒక్క కోట్లు. నలభై ఒక్కదానికీ నాలుగో గుండీ లేదు! మూడు గుండీలు కుట్టి, అడుగుది మాత్రం కాగితంలో చుట్టి లోపలి జేబులో పిన్ను గుచ్చి పెట్టావు. కాజా ఉంది, గుండీ లేదు. ఏమిటిది? కళ్లు మసకబారాయా? సూదిలో దారం ఎక్కట్లేదా? ఎక్కకపోతే నాతో చెప్పడానికేం? నేను వంకర కుట్టు వేస్తే మూడుసార్లు విప్పించినదానివి, నలభై ఒక్క కోట్లు సగంలో వదిలేస్తావా?

రెండు రోజులు కూర్చుని అన్నీ కుట్టేశాను. గుండీ కింద మెడకి దారం నాలుగు చుట్లు, ముడి లోపలికి, నువ్వు నేర్పినట్టే. ఇప్పుడు ఒక్క కోటుకీ వంక పెట్టడానికి లేదు. నన్ను మెచ్చుకుంటూ ఉత్తరం రాయి. పొడుగ్గా రాయి.

కోపంగా, కానీ కడుపు నిండా తిని,
నొరీన్


టకోమా, వాషింగ్టన్
ఫిబ్రవరి 21

నొరీన్ తల్లీ,

పాప నిన్న మధ్యాహ్నం పుట్టింది. ఎనిమిది పౌన్లు. పేరు హేజల్ అని పెట్టారు. చెవులు మీ టిల్లరీ పెదనాన్నవి, పాపం. జుట్టు పెరిగితే దాచుకోవచ్చు. జానిస్ బాగుంది. అల్లుడు వేన్ రెండు రోజులు సెలవు పెట్టి, పాపని ఎత్తుకోవడం రాక, ఆరుసార్లు గిన్నెలు తోమాడు.

ఇక్కడ వాన కురవదు, ఊరికే గాలిలో వేలాడుతూ ఉంటుంది. నా బూడిదరంగు కోటు వెనక గదిలో తలుపు చాటున ఉంది. తొందరేం లేదు, వీలున్నప్పుడు పంపు.

ఇక్కడా బేస్ ఉంది, గేటు ఉంది. గేటు ముందు మంగలి, తాకట్టు కొట్టు, కుట్టుకొట్టు. ఇల్లు మారినా వీధి మారలేదనిపించింది. కుట్టుకొట్టులో ఉన్నది మా కొరియా మనిషే, పూసాన్ వైపు. కిటికీలోంచి చూశాను, పేరు పట్టీ వంకరగా కుడుతోంది. లోపలికి వెళ్లి చెప్పకుండా రావడానికి చాలా కష్టపడ్డాను. రేపు ఇంకో వీధిన నడుస్తాను.

ఒక మాట చెప్పడం మర్చిపోయి బస్సెక్కాను. ఆగస్టు రాడ్డు జోలికి పోకు. దుమ్ము పడితే పడనీ. ఎవరొచ్చి అడిగినా ఆ కోట్లు ఇవ్వకు, మన రసీదు టికెట్ చూపించినా సరే. ఎవరి కోటుకి వాళ్లే రావాలి.

డాబ్నీ నాకు ఉత్తరం రాశాడు. ఆలోచిస్తున్నాను. నువ్వెలాగూ జూన్‌లో అట్లాంటా పెళ్లిగౌన్ల కంపెనీలో చేరతానన్నావు కదా.

మీ అమ్మ జర్మనీ నుంచి రాసిందా? రాస్తే ఆమెకి కోపంగా జవాబివ్వకు.

వేళకి తిను.
పెద్దమ్మ


బ్రాంటన్
మార్చి 1

పెద్దమ్మా,

పాపకి ముద్దులు. చెవులు కత్తిరించి కుట్టడానికి నేను రెడీ అని జానిస్‌తో చెప్పు.

యుద్ధం ఆగిపోయింది. నిన్న గేటు రోడ్డు మీద కార్లన్నీ హారన్లు కొట్టాయి. ఓరిస్ బయటికొచ్చి గాల్లో కత్తెర ఆడించాడు. నేనూ తలుపు దగ్గర నిలబడి చేతులూపాను, ఎవరికో తెలియదు.

నీ ఉత్తరం ఇరవై ఆరున వచ్చింది. "జోలికి పోకు." ఎంత బాగా చెప్పావు, నేను నలభై ఒక్కటీ కుట్టేశాక! ఎందుకు పోకూడదు? నా కుట్టు మీద నమ్మకం లేదనా? ఆరేళ్లుగా నీ పక్క మిషన్ మీదే కూర్చున్నాను. స్కూలు మానేసిన రోజున ఈ ఊళ్లో అందరూ నాకు బుద్ధి చెప్పారు. నువ్వొక్కదానివే ఏమీ అనకుండా కుర్చీ లాగి వేశావు. ఆ కుర్చీ ఇప్పుడు డాబ్నీకి ఇస్తున్నావన్నమాట. ఇచ్చుకో. అట్లాంటాలో కుర్చీలు లేకపోలేదు.

నీ కోటు దొరికింది. అంచు ఊడింది. కుట్టి పంపుతాను. ఊడినదాన్ని పంపితే నా పేరే పోతుంది.

నొరీన్


టకోమా
మార్చి 2

నొరీన్,

నువ్వు ఫిబ్రవరి పంతొమ్మిదిన రాసిన ఉత్తరం అందింది. కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని చదివాను. నా కళ్లు బాగానే ఉన్నాయి. తప్పు నాది, చెప్పవలసింది.

నేను కొత్త పెళ్లికూతురిగా బ్రాంటన్ వచ్చి, గేటు దగ్గర ఒక ముసలాయన కొట్టులో పనికి కుదిరాను. 1969. ఒక అబ్బాయి కోటు తెచ్చాడు. పంతొమ్మిదేళ్లుంటాయి, బుగ్గల మీద మొటిమలు. చేతులు పొడుగయ్యాయి, తగ్గించమన్నాడు. "తొందరేం లేదు, తిరిగొచ్చాక వేసుకుంటాను" అన్నాడు. నాకప్పుడు చేతివేగం చూపించుకోవాలని ఉండేది. సాయంత్రానికల్లా చేతులు తగ్గించి, నాలుగు గుండీలూ గట్టిగా కుట్టి, ఇస్త్రీ చేసి తగిలించాను. మూడు వారాలకి బేస్ నుంచి ఇద్దరు పెద్దమనుషులు టికెట్ తీసుకుని వచ్చారు. ఆ అబ్బాయిని అందులోనే పూడ్చాలి. నా చెయ్యి పట్టుకుని, "బట్ట ఇంత సిద్ధంగా ఉండటం మాకెంతో సాయమైందమ్మా" అన్నారు. మర్యాదగానే అన్నారు.

ఆ రోజు నుంచి, వెళ్తున్నవాళ్ల కోటు నేను పూర్తి చెయ్యను. నాలుగోది జేబులో పెడతాను. మనిషి తిరిగొచ్చి, తొడుక్కుని, నా ముందు నిలబడితే ఒంటి మీదే కుడతాను. ఊపిరి పీల్చకు నాయనా, సూది తగులుతుంది అంటాను. వాళ్లు నవ్వుతారు. అంతే సంగతి.

లైబ్రరీలో పుస్తకాలన్నీ చదివినదానివి, నవ్వుతావని నీకు చెప్పలేదు.

ఇప్పుడు అవి ఊడదీయకు. భయంతో కత్తెర పెడితే గుడ్డ తెగుతుంది. యుద్ధం ఆగిందన్నారు కదా, చాలు.

పాప ఇప్పుడే తుమ్మింది. ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం.

పెద్దమ్మ


బ్రాంటన్
మార్చి 12

పెద్దమ్మా,

నేను నవ్వలేదు. నాలుగుసార్లు చదివాను. తరవాత వెనక గదిలోకి వెళ్లి రాడ్డు ముందు నిలబడ్డాను. నలభై ఒక్క కోట్లు, అన్నీ పూర్తయి, ఇస్త్రీ మడతలు చెడకుండా. ఎప్పుడెప్పుడు పిలుస్తారా అన్నట్టు ఉన్నాయి. ఇలాంటివన్నీ పిచ్చి నమ్మకాలని పుస్తకాల్లో రాస్తారు. ఆ రాసినవాళ్లని ఒక్కణ్ణి తీసుకొచ్చి ఆ రాడ్డు ముందు నిలబెట్టాలి.

నిన్న జరిగింది చెప్తాను, తిట్టుకుంటూ చదువు.

పదకొండింటికి ఒక పెద్దావిడ వచ్చింది. ఆలబామా నుంచి రెండు బస్సులు మారి వచ్చానంది. నల్ల టోపీ, చేతిలో సంచి, అందులో మడత పెట్టిన పాత దుప్పటి. టికెట్ తీసి బల్ల మీద పెట్టింది. ఇరవై ఏడో నంబరు, వెండెల్ హోబ్‌గుడ్, రవాణా కంపెనీ.

"మా వాడి కోటు ఇవ్వు పిల్లా."

"ఇవ్వకూడదండీ. ఎవరిది వాళ్లే తీసుకోవాలి."

"నేను వాడి అమ్మని."

"ఎవరైనా సరేనండీ. మా పెద్దమ్మ మాట."

"మీ పెద్దమ్మేమన్నా సేనాపతా? నేను కని, పెంచి, వాడి చొక్కాలు ఉతికినదాన్ని. వాడి బట్ట నాకివ్వవా?"

అప్పటికే డాబ్నీ పొద్దున్నే వచ్చి గోడ కొట్టి పోయాడు, నాకు ఒళ్లు మండుతోంది. నోరు జారాను. "అయితే మీ అబ్బాయినే రమ్మనండి" అన్నాను.

పెద్దమ్మా, ఆవిడ పెదాలు అదిరాయి. టికెట్ తీసుకుని, సంచిలో పెట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. అప్పుడు తట్టింది నాకు. తల్లి ఒక్కతే, అంత దూరం నుంచి, నల్ల టోపీ పెట్టుకుని, కొడుకు మంచి కోటు కోసం ఎందుకొస్తుంది? పరుగెత్తాను. బస్సు వెళ్లిపోయింది.

ఓరిస్‌ని అడిగితే, "రవాణా కంపెనీ వాళ్లు ఎవరో పోయారని విన్నట్టే ఉంది, వినలేదేమో కూడా" అన్నాడు. ఆ నోరు మూయించడానికి సబ్బు నురగ చాల్లేదు.

నువ్వు వద్దన్నావు, తెలుసు. ఇరవై ఏడో నంబరు కోటు నాలుగో గుండీ ఊడదీశాను. గుడ్డ తెగలేదు. కాగితంలో చుట్టి జేబులో పెట్టాను. అదొక్కటే. మిగతావాటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను, కాపలాగా.

నన్ను కూడా డాబ్నీకి అమ్మేసేయ్. గోడతోపాటు.

నొరీన్


టకోమా
మార్చి 18

నా తల్లీ,

టికెట్టు రెండో సగం మన పెట్టెలో ఉంటుంది. దాని వెనక చూడు. ఆగస్టులో వచ్చిన ప్రతివాణ్ణీ మీదే ఊరని అడిగి రాసుకున్నాను. ఆదివారం బస్సెక్కి ఆ ఊరు వెళ్లు. ఉత్తరం రాయకు, ఫోన్ చెయ్యకు. కొన్ని పనులు ఎదురుగా నిలబడి చేసేవి. ఏ కబురు విన్నా విని, వాళ్లు పెడితే తిని, రా. కోటు మాత్రం తీసుకెళ్లకు.

నువ్వు చేసినదానికి నాకు కోపం లేదు. నీ మార్చి ఒకటో తారీకు ఉత్తరానికి కొంచెం ఉంది. కుర్చీ సంగతి. నీకిచ్చిన కుర్చీ నేనెవరికీ ఇవ్వలేదు. నువ్వే లేచి వెళ్తానంటున్నావు. వెళ్లడం తప్పని నేననను. ఆ కంపెనీవాళ్లు జూన్ ఒకటికల్లా రమ్మన్నారని నువ్వు క్రిస్మస్ నుంచీ చెప్తూనే ఉన్నావు, రోజుకి రెండుసార్లు.

ఇక్కడ నాకు మిషన్ లేదు. పాప పడుకున్నప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే అవి ఎవరివో అనిపిస్తున్నాయి. వేన్ చొక్కాలన్నింటికీ గుండీలు గట్టిచేశాను. ఇప్పుడు వాడు విప్పుకోలేకపోతున్నాడు.

జానిస్ ఇంకో ఏడాది ఉండమంటోంది. ఉండనని ఇంకా అనలేదు.

పెద్దమ్మ

కోటు ఇంకా రాలేదు.


బ్రాంటన్
ఏప్రిల్ 8

పెద్దమ్మా,

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను. కూర్చోవడానికి చోటు లేదు, కుర్చీల నిండా పాంట్లే.

ముందు హోబ్‌గుడ్ సంగతి. పైన్ గ్యాప్ అనే ఊరు. అదీ ఊరేనా, రోడ్డు మలుపు తిరగబోయి మనసు మార్చుకున్న చోటు. మార్చి ఇరవై నాలుగు, ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. ఆవిడ వరండాలో కూర్చుని పెకాన్ కాయలు ఒలుస్తోంది. దారంతా వల్లించుకున్న మాటలన్నీ మెట్ల దగ్గరే మర్చిపోయాను.

"ఓహో, సేనాపతి గారి పిల్ల!" అంది. "కోటు తెచ్చావా?"

"లేదండీ."

"మరి దేనికొచ్చావు, నా కాయలు ఒలవడానికా?"

"మీ అబ్బాయి..." అన్నాను, ఆగిపోయాను. నా మొహం ఎలా ఉందో ఏమో, ఆవిడ కాయల గిన్నె కింద పెట్టేసింది.

"మా వాడికేమైందే? ఏం విన్నావు?"

"నేనేం వినలేదు! మీరే... నల్ల టోపీ..."

"నాకున్నది ఒక్కటే టోపీ! చర్చికి అదే, బస్సుకీ అదే!"

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం పెద్దమ్మా. ముందు ఆవిడ నవ్వింది. నేను ఏడ్చాను. నేను ఏడవటం చూసి ఆవిడా ఏడ్చింది. ఏడుస్తూనే నా నెత్తి మీద ఒక్కటిచ్చింది.

వెండెల్ బతికే ఉన్నాడు. అందరూ వచ్చేస్తుంటే రవాణా కంపెనీని మాత్రం అక్కడి ఓడరేవులో ఆపేశారట, లారీలు కడగడానికి. అవతలి దేశపు ఇసుక ఒక్క రేణువు కూడా ఇటు రాకూడదట, పురుగులుంటాయని. తెల్ల చేతిరుమాలుతో తుడిచి చూస్తారట. మురికైతే మళ్లీ మొదటినుంచీ. "యుద్ధానికి పంపితే వాడు నాకు పనిమనిషై తిరిగొస్తున్నాడు" అంది. మే పదకొండున చెల్లెలి పెళ్లి. కొడుకు గుమ్మంలోకి రాగానే ఎదురుగా గోడకి కోటు కనిపించాలని కోరిక, అందుకే వచ్చింది. దుప్పటి కోటుకి చుట్టడానికి, నలగకుండా.

"మీరు వెళ్తుంటే మీ పెదాలు అదిరాయి. నేను తప్పు మాట అన్నాను" అన్నాను.

"ఏమన్నావు? కొడుకునే రమ్మనండి అన్నావు. ఆగస్టు నుంచి రోజూ మోకాళ్ల మీద నేను దేవుణ్ణి అడుగుతున్నది అదే కదే పిల్లా. నోరు తెరిస్తే ఏడుస్తానని గబగబా వచ్చేశాను."

తరవాత ఆకుకూరా మొక్కజొన్న రొట్టే పెట్టింది. కదలలేనంత పెట్టింది. గుండీ సంగతి చెప్పాను. సగం తిన్న రొట్టె పక్కన పెట్టి, "మీ పెద్దమ్మ మాట విను" అంది.

ఇక ఊరు. వచ్చేశారు! ఈస్టర్ వారం నుంచి రోజుకో విమానం. గేటు రోడ్డు మీద నడవడానికి లేదు. ఓరిస్ కత్తెరకి ఊపిరాడట్లేదు. బౌలింగ్ హాలులో సైనికులకి ఉచితమట. వాళ్లు లోపలికి వెళ్లి నిజంగానే అల్లరి చేస్తున్నారు, నాకెంత సంతోషంగా ఉందో.

మన గుమ్మం ముందు పొద్దున్నే వరస. మొదట వచ్చినవాడు సార్జెంట్ మెకెల్వీ, మనిషి గుమ్మానికి అడ్డంగా ఉండేవాడు గుర్తుందా? కోటు తొడిగాడు. లోపల ఇంకో మనిషికి చోటుంది.

"ఇదేంటమ్మాయ్, నా కోటు పెరిగిందా?"

"కోటు పెరగలేదు సార్, మీరే తరిగారు."

"ఎనిమిది నెలలు డబ్బా తిండి తిని చూడు, నువ్వూ తరుగుతావు."

వెనకవాడు, "మా సార్జెంట్ తరగలేదు, కరిగాడు!" అని అరిచాడు. వరసంతా గొల్లుమంది.

అందరూ అంతే పెద్దమ్మా! నలభై మంది, ఒక్కడికీ కోటు సరిపోలేదు. వెనక కుట్టు విప్పి లోపలికి తియ్యాలి, ముందు నాలుగు గుండీలూ ఊడదీసి జరపాలి. అన్నీ. నేను ఫిబ్రవరిలో రెండు రోజులు వీపు విరుచుకుని కుట్టినవి ఒక్కటీ మిగల్లేదు. ఊడదీస్తూ ఊడదీస్తూ మధ్యలో నాకు నవ్వొచ్చింది. ఆ రాడ్డు మీద పూర్తయిన కోటు అనేదే ఎప్పుడూ లేదన్నమాట. ఇన్నాళ్లూ ఊరికే కాపలా కాశాను.

మూడు కుట్టి ఉంచుతున్నాను. నాలుగోది వాళ్లు తొడుక్కుని నిలబడ్డాక కుడుతున్నాను. ఊపిరి పీల్చకండి, సూది తగులుతుంది అంటున్నాను. నువ్వన్నట్టే నవ్వుతున్నారు. ఒకడు మాత్రం నవ్వలేదు. గుండీ కుట్టేదాకా నా తల మీదుగా గోడ మీద నీ ఫొటోకేసి చూస్తూ నిలబడ్డాడు. "మిస్ ఓకీ లేరా?" అన్నాడు. "వస్తారు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఐదింటికి గేటు లోపల జెండా దించే బ్యూగిల్ బాకా వినిపించింది. ఎనిమిది నెలలుగా ఖాళీ రోడ్డుకి వినిపిస్తూనే ఉంది కానీ, ఈసారి వరసలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా జెండా వైపు తిరిగి నిలబడ్డారు. నా నోట్లో నాలుగు పిన్నులు, చేతిలో ఒకడి కోటు అంచు. వాడు కదలడు, నేను వదలలేను. అలాగే నిలబడ్డాను. ఈ ఊరి మీద నాకున్న కోపమంతా ఆ నిమిషం ఎక్కడికి పోతుందో. ముగియగానే మళ్లీ వస్తుందనుకో.

ముప్ఫై మూడు కోట్లు వెళ్లిపోయాయి.

చేతివేళ్లకి కన్నాలతో,
నొరీన్


టకోమా
ఏప్రిల్ 15

నొరీన్ తల్లీ,

నీ ఉత్తరం జానిస్‌కి చదివి వినిపించాను. టోపీ దగ్గర ఇద్దరం నవ్వి పాపని లేపేశాం.

నలభై కోట్లు కుట్టు విప్పి వేశావంటే నా కన్నా బాగా చేశావు. నేనైతే పక్క కుట్టు లాగి సరిపెట్టేదాన్నేమో. రాయమన్నావు కదా మెచ్చుకుంటూ, ఇదే. పొడుగ్గా రాయడం నాకు రాదు.

డాబ్నీ మళ్లీ రాశాడు. చివరి కోటు వెళ్లిన రోజు నాకు రాయి. ఆ రోజే కాగితం మీద సంతకం పెట్టి వాడికి పంపిస్తాను. అప్పటిదాకా ఆగమన్నాను. ఒక కొట్టు కోసం ఒక ఊళ్లో ఉండిపోయిన ఆడదాన్ని నేను ఎరుగుదును. ఇరవై రెండేళ్లు ఉండిపోయింది. ఆమెకి బాగానే గడిచింది. కానీ ఆమెని వెళ్తావా అని ఎవరూ అడగలేదు. నీకు అడ్డం ఉండను.

ఇక్కడ పూలు పూస్తున్నాయి, వాన ఆగలేదు. నా కోటు పంపడానికి నీకు మనసెందుకు రావట్లేదో తెలియట్లేదు.

పెద్దమ్మ


బ్రాంటన్
మే 5

పెద్దమ్మా,

చివరి కోటు నిన్న వెళ్లింది.

రవాణా కంపెనీ గురువారం దిగింది. వెండెల్ హోబ్‌గుడ్ శనివారం వచ్చాడు, వెనక వాళ్లమ్మ, అదే టోపీ. మనిషి వెదురు కర్రలా ఉన్నాడు. చేతులు మాత్రం బాగా తెల్లబడ్డాయి, లారీలు కడిగి కడిగి.

"నా బట్ట నాకు కాక ఎవరికీ ఇవ్వనన్నది నువ్వేనా?" అన్నాడు.

"నేనే."

"మంచిది. మా అమ్మకిచ్చుంటే పెట్టెలో కర్పూరం గోళీలేసి పెట్టేది. పెళ్లిలో నన్ను వాసన చూసి అందరూ లేచిపోయేవాళ్లు."

"చూశావా మాటలు! ఇందుకా నేను ప్రార్థన చేసింది?" అంది వాళ్లమ్మ, కొడుకు చెయ్యి మాత్రం వదలకుండా.

వెనక కుట్టు అక్కడే తీశాను. తొడుక్కుని నిలబడ్డాడు. లోపలి జేబులోంచి కాగితం తీసి, విప్పి, గుండీ ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని బొటనవేలితో రుద్ది, ముద్దు పెట్టుకుని నాకిచ్చింది. ఊపిరి పీల్చకు అన్నాను. కొడుకు కాదు, ఆవిడ బిగబట్టింది. ముడి వేసి దారం కొరికేదాకా ఆవిడ ఊపిరి తియ్యలేదు. తరవాత ముగ్గురం ఒకేసారి వదిలాం.

వాళ్లు వెళ్లాక రాడ్డు ఖాళీ. నలభై ఒక్క హ్యాంగర్లు. ఆ ఖాళీ రాడ్డు ముందు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఊరి మీద, నీ మీద, డాబ్నీ మీద ఎవరి మీదా కోపం లేకుండా పది నిమిషాలున్నాను. నాకదొక రికార్డు.

ఆ పది నిమిషాల్లో డాబ్నీ వచ్చాడు. గోడ మీద చెయ్యి వేశాడు. "చివరిది వెళ్లిందటగా. ఇక మీ పెద్దమ్మ సంతకం పెడుతుంది" అన్నాడు.

"పెట్టదు" అన్నాను.

"నీకు రాసిందా?"

"నేనే చెప్తున్నా. కొట్టండి, కావలసినంతసేపు గోడ కొట్టండి. ఇటువైపు నేను మిషన్ మోతతో జవాబిస్తుంటాను."

"నువ్వు అట్లాంటా పోతున్నావు కదా?"

ఇప్పుడు నీకు చెప్తున్నాను, కూర్చుని చదువు. అట్లాంటా వాళ్లకి రానని మార్చిలోనే రాసేశాను, పైన్ గ్యాప్ నుంచి వచ్చిన రాత్రే. నువ్వు కొట్టు అమ్మేద్దామనుకుంటున్నావని నీకు ఆ మాట చెప్పలేదు. నువ్వేమో నేను పోదామనుకుంటున్నానని, నాకు అడ్డం కాకూడదని సంతకం చేస్తున్నావు. ఒకరు వదిలేస్తారని ఇంకొకరు ముందే వదిలెయ్యడం, ఇదేం పద్ధతి? మనిద్దరిలో ఎవరికి బుద్ధి తక్కువో హేజల్ పెద్దయ్యాక చెప్తుంది.

ఒక కొట్టు కోసం ఊళ్లో ఉండిపోయిన ఆడదాన్ని నేనూ ఎరుగుదును. వెళ్తావా అని ఆమెని ఎవరూ అడగలేదన్నావు. నన్ను నువ్వు అడిగావు. నా జవాబు ఇది: వెళ్లను. పెళ్లిగౌన్లు ఒక్క పూట తొడిగి పెట్టెలో పెట్టేవి. ఇక్కడ మనుషులు గుమ్మంలోంచి పోతారు, గుమ్మంలోంచే వస్తారు, వచ్చినవాణ్ణి నిలబెట్టి నేను గుండీ కుడతాను. ఇంతకన్నా మంచి ఉద్యోగం నాకు ఏ పుస్తకంలోనూ కనపడలేదు. కోపం మాత్రం మానను, అది నా సొంతం.

జానిస్ దగ్గర ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉండు. ఏడాదైనా సరే. పాప నడిచేదాకా ఉండు. కొట్టు తాళం నా మెడలో ఉంది.

నీ బూడిదరంగు కోటు రేపు పొద్దున్నే పార్శిల్ చేస్తున్నాను. అంచు కొత్తగా వేశాను, అస్తరు మార్చాను, మెడ తిప్పి కుట్టాను. తొడుక్కుని అద్దంలో చూసుకో. అడుగు కాజా ఖాళీగా ఉంటుంది. లోపలి జేబులో వెతక్కు, అక్కడ లేదు.

నా దగ్గరుంది.

నీ కుర్చీ పక్క కుర్చీలోంచి,
నొరీన్